ఒకామె అభిప్రాయం

“గోరీ, నువ్వేమంటవ్?”

రామ్‌సింగ్ ఈ మాట అడిగినప్పుడు జమ్లి వంటింట్లో ఛాయ్ వడగడుతోంది. వడపోత జాలి వంకరపోయి వేడి ఛాయ్ బొటనవేలి మీద పడింది. వేలు నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెళ్లయి పద్నాలుగేళ్లు. ఇన్నేళ్లలో ఆ మనిషి ఆమెను చాలానే అడిగాడు. అంగీ ఏది, సద్ది కట్టినవా, నీళ్లు కాగినయా, మా అమ్మను ఏమన్నవ్, పిల్లకు జ్వరం ఎందుకొచ్చింది. నువ్వేమంటవ్ అని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. అలాంటి ప్రశ్న ఒకటుంటుందని, దాన్ని ఆడమనిషిని కూడా అడగొచ్చని ఆమెకు ఆ సాయంత్రమే తెలిసింది. తెలిసే వేళకి అది వేరే ఆమెకు వెళ్లిపోయింది.

ఆ ఏడు, తొంభై ఒకటిలో, దసరా దాటగానే టీవీలో మూడు కొత్త సీరియళ్లు మొదలయ్యాయి. సోమవారం పోస్టుమాస్టరు కూతురి కథ. బుధవారం హిందీలో సాలెవాళ్ల ఇంటి కథ. శుక్రవారం వకీలమ్మ కథ. వాటికి అసలు పేర్లు వేరే ఉన్నాయి గానీ ఇల్లందు బొగ్గుబాయి కాలనీలో వాటితో ఎవరికీ పని లేదు. ఆ వరస క్వార్టర్లలో టీవీ ఉన్నది రామ్‌సింగ్ ఇంట్లోనే. బాయిలో బొగ్గు తొట్లు లాగే హాలర్‌కు ఆపరేటర్ అయిన ఏడాది తెచ్చాడు. అప్పటినుంచి సాయంత్రమైతే పది పన్నెండు మంది ముందుగదిలో చాపల మీద కూర్చునేవారు. ఎదురింటి దూలయ్య వస్తాడు. బాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది, రిటైర్మెంటుకు ఆరు నెలలుంది, కళ్లజోడు పెట్టుకుని పత్రికలు చదువుతాడు కాబట్టి అందరూ గౌరవిస్తారు. ఆయన భార్య వెంకమ్మ వస్తుంది. ఇంకా ఎవరెవరో. వచ్చినవాళ్లకు ఛాయ్ ఇవ్వకపోతే రామ్‌సింగ్‌కు నామోషీ. “లంబాడోళ్ల ఇంట్ల మర్యాద లేదంటరు,” అనేవాడు. ఆ మర్యాద ఏమిటో జమ్లి చేతులకు తెలుసు. గిన్నె ఎక్కించడం, దించడం, గ్లాసులు కడగడం, మళ్లీ ఎక్కించడం. సీరియల్ అయిపోయేసరికి ఆమెకు సగం కథ చెవిలోంచి వచ్చేది, పావు కథ తలుపు సందులోంచి వచ్చేది, తక్కినది తనే కల్పించుకునేది.

ఒక్క హిందీ సీరియల్ సంగతి వేరు. ఆ వరసలో ఎవరికీ హిందీ సరిగా రాదు. రామ్‌సింగ్ అర్థం చెప్పేవాడు, పెద్ద గొంతుతో. జమ్లికి ఆ భాష తన తండాలోని ముసలమ్మల మాటలా వినబడేది. లంబాడీకి అది దూరపు చుట్టం. కొన్ని మాటలు అవే, కొన్ని మూతి తిప్పుకున్నట్టుగా ఉండేవి. భర్త చెప్పే అర్థం చాలాసార్లు తప్పని ఆమెకు పొయ్యి దగ్గరే తెలిసిపోయేది. చెప్పేది కాదు. ఒకసారి చెప్పబోతే, “నీకేం సమజైతది, ఛాయ్ చూడు పొంగుతది,” అన్నాడు. ఛాయ్ నిజంగానే పొంగింది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

గోరి ఆ ఏటి ఎండాకాలంలోనే వచ్చింది. రామ్‌సింగ్ తమ్ముడు జైరాంకు బాయిలో పని దొరికింది, క్వార్టర్ దొరికేదాకా అన్న ఇంట్లోనే ఉంటామన్నారు. గోరి జైరాం భార్య. ఖమ్మంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివింది. వచ్చిన నెలలోనే కాలనీ బాల్వాడీలో టీచర్‌గా చేరింది. పొద్దున తొమ్మిదింటికి జడ వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని పోతుంది. సాయంత్రం వచ్చి ముఖం కడుక్కుని, టీవీ ముందు కూర్చుంటుంది. చాప చివర కాదు, నడిమధ్యలో. సీరియల్ అయ్యాక అందరూ మాట్లాడుతుంటే తనూ మాట్లాడుతుంది. ఆ పోస్టుమాస్టరు కూతురు చదువుకున్నదని చూపిస్తున్నరు గానీ చదువుకున్న ఆలోచన ఒక్కటన్న చేసిందా, అంటుంది. వకీలమ్మ కోర్టుల మస్తు మాట్లాడుతది, ఇంట్ల అత్త ముంగట మూగదైతది, గదేం కథ, అంటుంది. దూలయ్య కళ్లజోడు తీసి తుడుచుకుంటూ వింటాడు. రామ్‌సింగ్ ముఖం వెలుగుతుంది. “మా తమ్ముని భార్య ఇంటర్ పాస్,” అని తెలిసినవాళ్లకే మళ్లీ చెబుతాడు.

జమ్లికి ఆ మరిది భార్య మీద అనుమానమేమీ లేదు. భర్త ఆమె వంక ఆ రకంగా చూస్తున్నాడని ఎప్పుడూ అనుకోలేదు. అలా అయి ఉంటే తేలిగ్గా ఉండేది, పేరు పెట్టి తిట్టుకోవచ్చు, తండాలో చెప్పుకుంటే నలుగురూ అయ్యో అంటారు. దీనికి పేరు లేదు. మరిది భార్యను మా ఆయన ఒక మాట అడుగుతున్నాడు, నన్ను అడగడం లేదు, అని ఏడిస్తే ఎవరు వింటారు. తను కాపురానికి వచ్చిన కొత్తలో మామ దేవ్లా ముందు నాలుగేళ్లు కొంగు ముక్కుదాకా లాక్కుని బతికింది. నీళ్లు కావాలా అని అడగాలంటే చెంబు చప్పుడు చేసేది. కాలనీకి వచ్చాక “గా తండా బట్టలు వద్దు, చీర కట్టు, నలుగురు నవ్వుతరు,” అని భర్త అంటే అమ్మ కుట్టిచ్చిన అద్దాల రవికె ట్రంకులో మడిచి పెట్టింది. ఇప్పుడీ పిల్ల బావ ముందు తలమీద కొంగు లేకుండా, మోకాళ్లు చేతులతో చుట్టుకుని కూర్చుని, అది బాగలేదు ఇది బాగలేదు అంటోంది. కాలం మారిందట. మారేది తను పుట్టక ముందో, తన కూతురు పెద్దయ్యాకో మారొచ్చు కదా. సరిగ్గా తనకు ఐదారేళ్ల వెనక పుట్టిన దానికోసం మారాలా.

ఇక చిన్న చిన్న పనులు మొదలయ్యాయి. అంచు పెట్లిన గ్లాసు గోరికే వెళ్లేది. గోరి ఛాయ్‌లో చక్కెర అర చెంచా తగ్గేది. గోరి ఒక్కనాడూ చక్కెర తక్కువైందని అనలేదు. దానికి కూడా మండేది. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు అంట్లు తోముతూ, “జమ్లీ, నువ్వేమంటవ్?” అని తనే అడుక్కునేది. బూడిద చేతులతో జవాబు చెప్పేది. ఆ జవాబులు గోరి చెప్పేవాటికంటే బాగుండేవని ఆమెకు గట్టి నమ్మకం.

ఒక బుధవారం సాలెవాళ్ల సీరియల్లో మొగుడు పట్నం నుంచి ఇంకో ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. భార్య చూసింది. ఏడవలేదు, అరవలేదు. మెల్లగా ఒక్క మాట అని, వంగి పొయ్యి ఊదింది. ముందుగదిలో పెద్ద చర్చ జరిగింది. ఆమెకు యాక్టింగ్ రాదు, రాయి లెక్క ఉన్నది అన్నాడు దూలయ్య. డైరెక్షన్ తప్పు అన్నది గోరి. రామ్‌సింగ్ అవ్ అవ్ అన్నాడు.

మరునాడు పొద్దున నల్లా దగ్గర బిందె కింద పెట్టి గోరి అడిగింది. “అక్కా, నిన్న ఆమె ఎందుకు ఏడ్వలేదంటవ్?”

జమ్లి ఒక్క క్షణం తడబడింది. ఆ ప్రశ్న ఇటువైపు నుంచి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఇన్ని రోజుల కడుపుమంట నోట్లోకి వచ్చింది. లంబాడీలో గబగబా అనేసింది. “పొయ్యి మీద బువ్వ ఉన్న ఆడది ఏడుపును పక్కకు పెట్టుకుంటది. బువ్వ దించినంక ఏడుస్తది. అప్పటికి చూసెటోళ్లు లేచిపోతరు. మీరు చూడలే గాబట్టి ఏడ్వలే అంటున్నరు.” అంతటితో ఆగలేదు. “ఇంట్ల పన్నెండు మంది కూసుని చూస్తరు. పదమూడోది ఛాయ్ కాస్తది. తను చూడని సగం ఏమైందో దానికి ఒక్కరన్న చెప్పరు. నువ్వు గూడ చెప్పలే. నా చేతి ఛాయ్ తాగుకుంట డైరెక్షన్ తప్పు అన్నవ్.”

గోరి ముఖం ఎర్రబడింది. నిండిన బిందె ఎత్తుకుని పోయింది. జమ్లికి ఆ రోజంతా ఒళ్లు తేలికగా ఉంది.

రెండు వారాలకు దూలయ్య వారపత్రిక పట్టుకుని వచ్చాడు. కొత్త సీరియళ్ల మీద అభిప్రాయాలు రాయమని ఆ పత్రిక పాఠకులను అడిగిందట. గోరి రాసి పంపిందట, వేశారట. కింద పేరు కూడా ఉంది. “గోరి, ఇల్లందు.” దూలయ్య అందరినీ నిశ్శబ్దంగా ఉండమని చదివాడు. పోస్టుమాస్టరు కూతురి గురించి రెండు ముక్కలు, వకీలమ్మ గురించి రెండు ముక్కలు అయ్యాయి. తర్వాత ఆయన గొంతు మార్చి చదివాడు. “పొయ్యి మీద అన్నం ఉన్న ఆడది ఏడుపును వాయిదా వేసుకుంటుంది. అన్నం దించాక ఏడుస్తుంది. అప్పటికి చూసేవాళ్లు లేచిపోతారు.”

వెంకమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “ఈ మాట ఎమ్మే చదివినోడు గూడ అనలేడు,” అన్నాడు దూలయ్య. ఆ తర్వాత లోపల్లోపల ఇంకో రెండు వరసలు చదివి, దగ్గి, పత్రిక మడిచాడు. “మిగిలింది మామూలే.”

జమ్లి పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. పళ్లెంలో పది గ్లాసులు. తన అద్దాల రవికె ఎవరో వేసుకుని ఊరంతా తిరుగుతుంటే, ఎంత బాగుందో అని జనం ఆగి ఆగి చూస్తుంటే, తను ఆ జనంలో నిలబడి చూస్తున్నట్టు అనిపించింది. ‘వాయిదా’ అట. తను వాయిదా అనలేదు. పక్కకు పెట్టుకుంటది అన్నది. ఆ పిల్ల తన మాటను ఎత్తుకుపోయి, దానికి ఇస్త్రీ చేసి వేసుకుంది. గోరి ఆమె వంక చూడలేదు. తల వంచుకుని చాప పుల్లలు గిల్లుతూ కూర్చుంది. రామ్‌సింగ్ మాత్రం భార్యను చూసి అన్నాడు. “విన్నవా, గట్ల ఉండాలె ఆలోచన. గిన్నెలు తోముడే కాదు.”

మరునాడు జైరాం రెండో షిఫ్టుకు పోయే ముందు తిండికి కూర్చున్నాడు. గోరి బాల్వాడీలో ఉంది. జమ్లి రొట్టె వేస్తూ మెల్లగా అన్నది. “పేరు పత్రికలకు ఎక్కింది, సంతోషమే. మీ అన్న ముంగట కాళ్లు చాపుకొని కూసుని అన్నిటికీ జవాబు చెప్తది. నలుగురు మొగోళ్లు దాని నోరే చూస్తరు. మా కాలంల అయితే బావ ముంగట గొంతు ఇనబడకుండ ఉంటిమి. నాకెందుకులే, నీ సంసారం నీది.” జైరాం రొట్టె తుంచడం ఆపాడు. జమ్లి ఇంకో రొట్టె వేసింది. నెయ్యి కూడా రాసింది.

ఆ సాయంత్రం బడి నుంచి వచ్చిన కూతురు బాలి ఎదురింటి నుంచి పత్రిక తెచ్చుకుని బొమ్మలు చూస్తుంటే, చిన్నమ్మ రాసింది మొత్తం చదవమంది జమ్లి. తను మూడో తరగతితో ఆగింది. అక్షరాలు కూడబలుక్కోగలదు గానీ అంత ఓపిక లేదు. బాలి బడిలో చదివినట్టు రాగం తీస్తూ చదివింది. దూలయ్య దగ్గి వదిలేసిన చోటు వచ్చింది. “ఈ మాట నాది కాదు. మా ఇంట్లో ఒకామె అన్నది. మా ఇంట్లో పన్నెండు మంది కూర్చుని సీరియల్ చూస్తారు. పదమూడో మనిషి టీ కాస్తుంది. ఆమె చూడని సగం ఏమైందో ఎవరూ చెప్పరు. నేను కూడా చెప్పలేదు.”

“ఒకామె అంటే ఎవరమ్మా?” అంది బాలి.

జమ్లి పత్రిక తీసుకుని మడిచింది. దొంగతనం కాదన్నమాట. మధ్యాహ్నం జైరాం చెవిలో వేసిన మాట గుర్తొచ్చి సిగ్గేసింది. అయినా మంట తగ్గలేదు. ఇంకో చోట అంటుకుంది. పోస్టుమాస్టరు కూతురికి పేరుంది. లేని వకీలమ్మకు పేరుంది. గోరికి పేరుంది, కింద ఊరు కూడా ఉంది. తనేమో ఒకామె. నల్లా దగ్గర తిడితే తిట్టించుకున్న మనిషికి రాసేటప్పుడు పేరు గుర్తుకు రాలేదా.

రెండో రోజుకు బాయి మీద ఆ పత్రిక చేతులు మారింది. మొదటి షిఫ్టు దిగి వస్తుంటే ఎవరో రామ్‌సింగ్‌ను ఆపి, “ఏమన్న, పదమూడో ఛాయ్ ఎవరు కాస్తున్నరు?” అన్నారట. ఇంకొకరు, పన్నెండు మందిలో మేమున్నామా లేమా అని అడిగారట. రామ్‌సింగ్ ఇంటికి వచ్చేసరికి ముఖం బొగ్గు కడుక్కోని ముఖంలా ఉంది. జైరాం ఆ రోజు పనికే పోలేదు. దూలయ్యను కూడా పిలుచుకొచ్చారు, పెద్దమనిషిగా. గోరి బాల్వాడీ నుంచి వచ్చి సంచీ ఇంకా భుజానే ఉండగా గోడకు ఆనుకుని నిలబడింది.

“ఇంటి మర్యాద బజార్ల పెట్టినవ్,” అన్నాడు రామ్‌సింగ్. మొన్నటి వెలుగు ఎక్కడా లేదు. “మా ఇంట్ల ఆడోళ్లను గొడ్ల లెక్క చూస్తున్నమని రాసినవ్.”

“నేనట్ల రాయలే బావా. అన్నదే రాసిన.”

“ఎవరన్నరు?” అన్నాడు జైరాం. “ఉద్యోగం బంజెయ్. రేపు పొద్దున బస్సెక్కి తండాకు పో, మా అమ్మ దగ్గర ఉండు. వదిన గూడ చెప్పింది, అన్న ముంగట హద్దు లేకుండ కూసుంటున్నవని.”

గోరి మెల్లగా తల తిప్పి జమ్లిని చూసింది. కోపం లేదు ఆ చూపులో. అది ఉంటే జమ్లి తట్టుకునేది. నువ్వా అన్నట్టు చూసింది, అంతే. జమ్లి కాళ్లకింద నేల వంక చూసుకుంది.

అప్పుడు రామ్‌సింగ్ భార్య వైపు తిరిగాడు. “జమ్లీ, నువ్వు చెప్పు. నువ్వేమంటవ్? గీ మాటలు నువ్వన్నవా? అనలేదు గదా.”

వచ్చింది. పద్నాలుగేళ్లకు వచ్చింది. గుడ్డ కట్టి, ముడి వేసి, లోపల జవాబు కూడా పెట్టి ఇచ్చాడు. అనలేదు అంటే చాలు. గోరి రేపు పొద్దున బస్సెక్కుతుంది. చాప మధ్యలో ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలో తనను కూర్చోబెడతారా? పెట్టరు. పైగా ఆ మాట, పొయ్యి మీద బువ్వ మాట, వెంకమ్మను ఏడిపించిన మాట, ఇక ఎప్పటికీ గోరి మాటే అవుతుంది. తండాలో కూర్చున్నా అది గోరిదే. తను అనలేదని తన నోటితోనే చెప్పినట్టు. అంతదాకా ఆలోచించేసరికి జమ్లికి ఒళ్లంతా వేడెక్కింది. జాలి వల్ల కాదు. ఆ సంగతి తర్వాత తనకు తానే చాలాసార్లు ఒప్పుకుంది. వాళ్లందరి ముందూ ఆ మాట ఎవరికో రాసిచ్చేయడం ఆమె వల్ల కాలేదు.

“అన్న,” అంది జమ్లి.

“ఏందీ?”

“నేనే అన్న. పదమూడో ఛాయ్ మాట నాది. పొయ్యి మాట గూడ నాదే. దూలయ్యన్న ఎమ్మే చదివినోడు అనలేడన్నది నా మాటనే. గోరి రాసింది, గంతే. దానికి గంత ఆలోచన లేదు. అది డైరెక్షన్ తప్పన్నది.”

దూలయ్య కళ్లజోడు సర్దుకున్నాడు. గోరి నోరు కొద్దిగా తెరుచుకుంది. “అవ్ బావా,” అంది. “అక్కదే.”

రామ్‌సింగ్ నవ్వడానికి చూశాడు. “నీకు హిందీ ఏం సమజైతది?”

“నీకంటె ఎక్కువ సమజైతది. మొగుడు ఇంకొకదాన్ని తెచ్చిన నాడు ఆమె ‘తప్పైంది, నన్ను ఇడువకు’ అన్నదని చెప్పినవ్ అందరికి. ఆమె గట్ల అనలే. ‘తొవ్వల నిలబడకు, జరుగు’ అన్నది. టీవీ తెచ్చిన సంది సగం తప్పే చెప్తున్నవ్. ఇందుల మర్యాద బజార్ల పడేదేమున్నది, గా పన్నెండు మంది రోజూ నా ఛాయ్ తాగుతనే ఉన్నరు.”

దూలయ్య చిన్నగా తల పంకించాడు. “తప్పు చెప్తుండని నాకు గూడ అనుమానముండె,” అన్నాడు. ఆ మాటకు రామ్‌సింగ్ చెవులు ఎర్రబడ్డాయి. జమ్లి ఏమన్నా పడేవాడు గానీ దూలయ్య అనుమానాన్ని పడలేకపోయాడు.

“జైరామూ,” అంది జమ్లి మరిదితో. “మొన్న నేను చెప్పింది కుళ్లుతోటి చెప్పిన. నాకు లేనిది దానికి ఉన్నదని చెప్పిన. గది పట్టుకొని నువ్వు దాన్ని బస్సెక్కియ్యకు. అది పోతే నాకు రాసిపెట్టెటోళ్లు ఎవరు?”

ఎవరూ ఏమీ తేల్చలేదు. పెద్దమనిషి లేచి, “ఛాయ్ వద్దులే అమ్మా,” అని ముందే చెప్పి వెళ్లిపోయాడు. రామ్‌సింగ్ చొక్కా వేసుకుని బజారుకు పోయాడు. జైరాం కాసేపు గోడకేసి కూర్చుని, ఉద్యోగం సంగతి మళ్లీ ఎత్తకుండానే పడుకున్నాడు. ఆ వారం టీవీ పెట్టలేదు. పై వారం పెట్టారు గానీ తక్కువ మంది వచ్చారు. హిందీ సీరియల్‌కు అర్థం ఎవరూ చెప్పలేదు. రామ్‌సింగ్ ఆమెతో పది రోజులు ముక్తసరిగా మాట్లాడాడు. అన్నం తినేటప్పుడు ఉప్పు కావాలంటే కూతురితో అడిగించాడు. జమ్లి ఉప్పు కూతురితోనే పంపింది.

ఆదివారం మధ్యాహ్నం వెనక అరుగు మీద గోరి బియ్యం ఏరుతూ పక్కన కూర్చుంది. తర్వాత తనే అంది. “నీ పేరు రాద్దామనే అనుకున్న అక్కా. మా బావకు తెలిస్తే నిన్నంటడని రాయలే.”

“అబద్ధమాడకు.”

గోరి ఏరుతున్న చెయ్యి ఆపింది. “సగం అబద్ధం. పేరు రాస్తే మొత్తం నీదే అయితది. నాకేం మిగలదనిపించింది.”

జమ్లి ఆమెను పరీక్షగా చూసింది. ఆ ముఖంలో తనకు బాగా తెలిసినది ఏదో కనబడింది. అద్దంలో రోజూ చూసేదే. ఎందుకో నవ్వొచ్చింది, ఆపుకుంది. ఆ పిల్ల మీద ప్రేమేమీ పుట్టలేదు. ఆ జడ, ఆ సంచీ, తొమ్మిదింటికి గుమ్మం దాటే ఆ నడక, వాటిని చూస్తే ఇప్పటికీ గుండెలో సన్నగా గుచ్చుకుంటుంది. కానీ ఆ ముల్లు ఇద్దరి దగ్గరా ఉందని తెలిశాక కొంచెం సర్దుకుని కూర్చోవచ్చు.

“కాయితం తే,” అంది. “వకీలమ్మ సీరియల్ మీద నాకో అభిప్రాయమున్నది. నేను చెప్తనే ఉంట, నువ్వు రాయి. వాయిదా గీయిదా అని పెట్టకు, నేను అన్నది అన్నట్లే రాయి.”

గోరి చేటలో బియ్యం పక్కకు జరిపి, సంచీలోంచి నోటుబుక్కు, పెన్ను తీసింది. పేజీ మడత పెట్టి, పెన్ను విదిలించి చూసింది.

“ముందుగాల నా పేరు రాయి,” అంది జమ్లి.

గోరి ‘జమ్లి’ అని రాసింది. అలవాటుగా పక్కన కొద్దిగా చోటు వదిలి తలెత్తింది. “వైఫ్ ఆఫ్ రామ్‌సింగ్ అని రాయాల్నా అక్కా?”

“వద్దు,” అంది జమ్లి. “ఆయనకు అభిప్రాయముంటే ఆయన్ను రాసుకొమ్మను.”